గోడలో ఉన్నికి సాక్ష్యం

మా బ్రిన్‌గ్లాస్ ఊరికి నర్సు లేక మూడేళ్లయింది. రియాన్ అనే అమ్మాయి వస్తానంది గానీ, ఉండడానికి ఇల్లు కావాలంది. ఊరు మొత్తం మీద ఖాళీగా ఉన్నది ఒకటే ఇల్లు. మెన్న టీకొట్టుకు సరిగ్గా ఎదురుగా, ఎలునెద్ వాళ్ల అమ్మ కాపురమున్న రాతి ఇల్లు.

మా దేశంలో ఇల్లు అద్దెకివ్వాలంటే ఒక కాగితం ఉండాలి. ఇంట్లో వేడి ఎంతసేపు నిలుస్తుందో చూసి ఎ నుంచి జి దాకా గ్రేడు ఇస్తారు. ఎఫ్ గానీ, అంతకన్నా కింద జి గానీ వచ్చిందా, అద్దెకివ్వడం నేరం. ఆ ఇంటి పాత కాగితం మీద ఎఫ్ ఉంది. ఆ కాగితం వచ్చాక, రెండేళ్ల కింద, గోడల లోపలివైపు గొర్రె ఉన్ని కూరి, పలకలు బిగించి, పైన సున్నం పూసి మూసేశారు. పని ఎంత శుభ్రంగా జరిగిందంటే, పని జరిగినట్టే కనబడదు.

అదే కొంప ముంచింది. ఆ రోజు పొద్దున గ్రేడు వెయ్యడానికి వచ్చిన కారిస్ గారు గోడలన్నీ తట్టారు, కొలిచారు, చివరికి తల అడ్డంగా ఊపారు. "లోపల ఏదో ఉన్నట్టే ఉంది. కానీ కంటికి కనబడనిది నేను రాయకూడదు. పని జరుగుతున్నప్పటి ఫోటో కావాలి. ఉన్ని మందం కొలతతో కనబడాలి. అది ఈ ఇల్లేనని తెలియాలి. లేకపోతే ఉత్త రాతి గోడ అనే రాస్తాను, మళ్లీ ఎఫ్ వస్తుంది. పదకొండింటికి నేను బయల్దేరాలి."

"ఫోటోలు ఉన్నాయి. ఎక్కడ పెట్టానో వెతకాలి," అని ఎలునెద్ తమ ఇంటికి వెళ్లింది.

"ఫోటోలా? ఎవరు తీశారు?" అన్నాడు ఆమె భర్త ఇద్వాల్. మొహంలో ఏదో కదిలింది గానీ, ఇద్వాల్ మొహంలో ఏదీ ఎక్కువసేపు నిలవదు. "ఫోటోలెందుకు మేడమ్, పని చేసిన మనిషిని నేనున్నాగా! రండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం," అని ఆవిడని టీకొట్టులోకి తీసుకొచ్చాడు.

లోపల మేము రోజూ కూర్చునే చోటే కూర్చున్నాం. నేను, గ్విలిమ్. నేను ఊళ్లో నలభై ఏళ్లు ఉత్తరాలు పంచి మానుకున్నవాణ్ణి. గ్విలిమ్ పలకరాతి గనిలో పనిచేసిన మనిషి. ఎడమ కాలికి మానని పుండు. కట్టు మార్పించుకోడానికి వారానికి రెండుసార్లు, రెండు బస్సులు మారి టౌనుకి పోతాడు. ఆ కాలు ముందు కుర్చీ మీద చాపుకుని కూర్చున్నాడు. టీకొట్టు మెన్న గట్టుకు అవతల బేకన్ వేయిస్తోంది.

ఇద్వాల్ కుర్చీ వెనక్కి తిప్పి కూర్చున్నాడు. అలా కూర్చున్నాడంటే చిన్న కథ కాదు.

"చూడండి మేడమ్, గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. కావాలంటే ఎమ్లిన్‌ని అడగండి, అబద్ధం తెలియని మనిషి. ఏమయ్యా ఎమ్లిన్?"

"నేను టీ తాగుతున్నాను," అన్నాను.

"చూశారా, కాదనలేదు! సరే, వినండి. మే నెల పన్నెండో తారీఖు మొదలుపెట్టాను. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. మూడే మూడు రోజులు. పొద్దున ఆరింటికి లోపలికి వెళితే మళ్లీ చీకటి పడేవేళకే బయటికి రావడం. మధ్యలో గడప దాటలేదు, టీ తాగడానికైనా దాటలేదు, ఆ మూడు రోజులూ నా మొహం ఈ వీధి చూడలేదు మేడమ్."

"ఒక్కరే చేశారా?" అని కారిస్ గారు అడిగారు. ఒళ్లో పలకలాంటి కంప్యూటర్, చేతిలో దాని పుల్ల.

"ఒక్కణ్ణే. అబద్ధమెందుకు, మా ఎలునెద్ టీ అందించింది. పాపం, అది మాత్రం తక్కువ పనా? సరే, పన్నెండు కట్టల ఉన్ని తెప్పించాను. మామూలు ఇంటికైతే మిగిలిపోవాలి. కానీ ఇది తాతల నాటి గోడ కదా, ఎంత పెట్టినా తింటోంది. మొదటి రోజు మధ్యాహ్నానికి పన్నెండూ మింగేసి నోరు తెరుచుకుని చూస్తోంది. నేనేం చేశానో తెలుసా? ఉన్నికత్తెర పుచ్చుకుని కొండెక్కాను. హ్యూ వాళ్ల మంద అక్కడ మేస్తోంది. ఒక్కోదాన్ని పట్టుకోవడం, కత్తిరించడం, వదలడం, పట్టుకోవడం, కత్తిరించడం, వదలడం. ఎండ పడమటికి తిరిగేసరికి నాలుగు వందల గొర్రెలు."

"గడప దాటలేదన్నావుగా," అన్నాడు గ్విలిమ్.

"వెనక గుమ్మం లోంచి వెళ్లానయ్యా!"

"మొన్న రెండు వందలన్నావు."

"మొన్న నీకు కాలు బాగా నొప్పిగా ఉందని తగ్గించి చెప్పాను. ఒంట్లో బాగోలేనివాళ్లకి ఒక్కసారిగా నాలుగు వందలు చెప్పకూడదు. సరే మేడమ్, ఆ ఉన్నంతా తెచ్చి కూరాను. మోచేత్తో కూరాను, భుజంతో కూరాను, చివరికి వీపు ఆనించి కాళ్లు ఎదుటి గోడకి తన్ని కూరాను. ఇల్లు ఒక అడుగు అటు జరిగింది. అందుకే ఇప్పుడు తలుపు వేస్తే కిర్రుమంటుంది, మీరు గమనించే ఉంటారు."

"గమనించాను," అన్నారు కారిస్ గారు.

"అదిగో! రాసుకోండి."

ఆవిడ రాసుకోలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు పొద్దున వీధిలో చప్పుడు. తలుపు సందులోంచి చూద్దును కదా, కొండ మీది గొర్రెపిల్లలన్నీ దిగొచ్చి గోడకి ముక్కులు ఆనించి నిలబడ్డాయి. తల్లుల వాసన కదా లోపల! అన్నీ ఒక్కసారి 'మే' అన్నాయి. గోడలోంచి ఏం వినబడిందో చెప్పనా?"

"ఏం వినబడింది?" అంది మెన్న, గరిటె గాల్లో పట్టుకుని.

"గోడ కూడా 'మే' అంది. మెల్లగా, తల్లి పిలిచినట్టు."

"అయ్యో దేవుడా," అంది మెన్న. వెనక పెనం మీద బేకన్ పొగ వస్తోంది.

"ఆ 'మే' అన్నప్పటి ఫోటో?" అన్నారు కారిస్ గారు.

"అరుపు ఫోటోలో పడదు మేడమ్. సరే, అది అలా ఉంచండి, చలికాలానికి వద్దాం. నవంబరులో కరెంటు పోతే, ఫ్యూజు వెతకడానికి ఆ ఇంట్లో ఒక కొవ్వొత్తి వెలిగించాను. ఒక్క కొవ్వొత్తి! పావుగంటకి కోటు విప్పాను. అరగంటకి స్వెట్టరు విప్పాను. ఆ తర్వాత ఏం విప్పానో ఆడవాళ్ల ముందు చెప్పను. కొవ్వొత్తి ఆర్పేసి, ఆ వేడి అలాగే వదిలేసి వచ్చాను. మళ్లీ ఈస్టరుకి వెళ్లి చూస్తే బల్ల మీద వెన్న ఇంకా కరిగే ఉంది. కిటికీ గూట్లో మా కోడి పొదుగుతుండేది. అది పెట్టిన గుడ్డు పగలగొడితే, లోపల ఉడికి ఉంది."

"మెత్తగానా, గట్టిగానా?" మెన్న అడిగింది. ఆవిడకి అది వ్యాపారం.

"కొండ వైపు కిటికీలో పెడితే మెత్తగా, వీధి వైపు కిటికీలో పెడితే గట్టిగా. ఎవరికి ఎలా కావాలంటే కోడిని అటు తిప్పేవాళ్లం."

"గుడ్ల ఫోటో ఉందా?"

"తినేశాం మేడమ్. పాడవుతాయి కదా. ఇక నూనె సంగతి వినండి. ఆ ఇంటికి పెరట్లో నూనె ట్యాంకు ఉంది, పొయ్యి మండడానికి. నూనె లారీ అబ్బాయి జనవరిలో వచ్చి ట్యాంకు మూత తీసి, కొలబద్ద ముంచి, మొహం తెల్లగా పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు. 'బాబాయ్, నేను పోసినదాని కన్నా రెండు జానలు ఎక్కువుంది,' అన్నాడు. ఏం జరిగిందంటే, ఇంట్లో వేడి ఎటూ పోలేక, గొట్టం పట్టుకుని వెనక్కి నడిచి, ట్యాంకులోకి పోయి, మళ్లీ నూనెగా మారిపోయింది. ఆ అబ్బాయి తన లారీలోకి తోడుకుని వెళ్లాడు. ఆ నెల నుంచి వాడు మా ఇంటికి పొయ్యడానికి కాదు, పితకడానికి వచ్చేవాడు."

గ్విలిమ్ పగలబడి నవ్వి, కాలు కదిలి, 'అబ్బా' అని పట్టుకున్నాడు. కారిస్ గారు ఆ కట్టు వైపు చూసి, గోడ గడియారం వైపు చూశారు. పదిన్నర దాటింది. ఎదురుగా వీధిలో ఎలునెద్ జాడ లేదు.

ఇద్వాల్ కూడా గడియారం చూశాడు. చూసి గొంతు పెంచాడు.

"మీకు పైవాళ్ల సాక్ష్యం కావాలి, అంతే కదా మేడమ్? ఉంది! ఫిబ్రవరిలో పైనించి విమానం పోయింది. ఏ ఇంటి లోంచి ఎంత వేడి కారిపోతోందో పట్టే కెమెరా దానికి. వేడి పోయే ఇల్లు ఎర్రగా కనబడుతుంది. లోయ లోయంతా ఫోటో తీశారు. ఈ మెన్న కొట్టు ఎర్రగా కొలిమిలా ఉంది. గ్విలిమ్ ఇంటి కప్పు నిప్పుల మీద పెట్టిన పెనంలా ఉంది. మా ఇల్లున్న చోట ఏముందో తెలుసా? ఏమీ లేదు! నల్లగా, గొయ్యి ఉన్నట్టు ఉంది. ఇల్లు పోయిందనుకుని వాళ్లు పోలీసులకి ఫోన్ చేశారు. పోలీసులు ముగ్గురొచ్చారు. ఇల్లు ఉందా లేదా అని ఒకాయన గోడకి చెయ్యి ఆనించాడు. ఆనించినవాడు ఆనించినట్టే నిద్రపోయాడు. వెచ్చదనం అలాంటిది. లేపడానికి వెళ్లిన రెండోవాడూ నిద్రపోయాడు. మూడోవాణ్ణి నేనే దూరంగా ఉండమని బతిమాలాను."

కారిస్ గారు ముందుకి వంగారు. "ఆ విమానం ఫోటో మీ దగ్గర ఉందా? అదైనా కొంత పనికొస్తుంది."

ఇద్వాల్ గడ్డం గోక్కున్నాడు.

"ఉంది మేడమ్. కానీ దాంట్లో ఇల్లు కనబడదు కదా!"

మెన్న ఏప్రాను నోటికి అడ్డం పెట్టుకుంది. కారిస్ గారు కూడా నవ్వారు. ఆవిడ నవ్వడం అదే మొదలు. నవ్వినా, పుల్ల మాత్రం కదల్లేదు.

"సరే," అన్నాడు ఇద్వాల్. ఈసారి గొంతు తగ్గించాడు. "ఇది ఎవరికీ చెప్పలేదు. ఎలునెద్‌కి కూడా తెలియదు. పోయిన ఆగస్టులో ఒక ఆదివారం, గుర్తుందా మీకు? అలాంటి ఎండ ఈ ఊళ్లో గ్విలిమ్ పెళ్లి నాడు కాసింది, మళ్లీ ఆ రోజే. చాపెల్‌లో ప్రార్థన ముగించుకుని వస్తూ ఆ ఇంటి కిటికీలన్నీ బార్లా తెరిచాను. తలుపు తెరిచాను. ఎండని లోపలికి రానిచ్చాను. గది గదికీ, మూల మూలకీ, బీరువా తలుపులు కూడా తీసి పెట్టాను. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఇల్లు నిండింది. ఇక పట్టదు అనిపించాక, ఒక్కో కిటికీ మెల్లగా మూసి, తలుపు తాళం వేసి వచ్చేశాను. మర్చిపోయాను కూడా.

"డిసెంబరు వచ్చింది. ఆ వారం గుర్తుందా, మంచు పడి బస్సులు ఆగిపోయిన వారం? చాపెల్‌లో పాడుతుంటే పాట పెదాల దగ్గరే గడ్డకట్టింది. గ్విలిమ్ టౌనుకి వెళ్లలేకపోయాడు, కట్టు మారలేదు. ఆ బుధవారం నేను ఆ ఇంటి తలుపు తీశాను. ఏం బయటికొచ్చిందో తెలుసా?"

మెన్న గరిటె పక్కన పెట్టి గట్టు మీదికి వంగింది.

"ఆ మధ్యాహ్నం బయటికొచ్చింది. అచ్చంగా అదే. కోసిన గడ్డి వాసన వచ్చింది. ఒక తేనెటీగ వచ్చింది, ఎక్కడున్నానా అన్నట్టు అటూ ఇటూ చూసింది. లోపల ఎక్కడో ఐస్‌క్రీం బండి గంట. ఆ ఎండ గడప దిగి, పెద్దమనిషిలా వీధి పొడుగునా నడుచుకుంటూ వెళ్లింది. మంచు పక్కకి తప్పుకుని దారిచ్చింది. గ్విలిమ్ ఇంటి ముందు కాసేపు ఆగింది. చెప్పు గ్విలిమ్, ఆ బుధవారం నీ కాలు నొప్పెట్టిందా?"

గ్విలిమ్ తన కాలి కట్టు సవరించుకున్నాడు.

"డిసెంబరులో ఒక రోజు నొప్పెట్టలేదు," అన్నాడు నెమ్మదిగా. "అవును. ఒక రోజు."

మెన్న పొయ్యి కట్టేసింది. బయట చినుకులు పడుతున్నాయి. అబద్ధమని నాకు తెలుసు. అబద్ధాన్ని నేను సమర్థించే మనిషిని కాను. అయినా ఒక్క నిమిషం నాకు కోసిన గడ్డి వాసన వచ్చింది. ఆ మాట చెప్పకపోతే నేనూ అబద్ధమాడినట్టే.

కారిస్ గారు కంప్యూటర్ మూత వేశారు. పదకొండుకి ఐదు నిమిషాలుంది.

"ఇద్వాల్ గారూ, నాకు లేవబుద్ధి కావడం లేదు. ఇలాంటిది నేనెక్కడా వినలేదు. కానీ దీంట్లో నేను రాయడానికి పనికొచ్చేది ఏమీ లేదు. ఉత్త రాతి గోడ అనే రాయాలి."

గ్విలిమ్ కుర్చీ మీది కాలుని రెండు చేతులతో ఎత్తి కింద పెట్టుకున్నాడు. టౌనుకి పదకొండున్నర బస్సు. అది ఎక్కడానికే లేస్తున్నాడు.

అప్పుడు ఎలునెద్ వచ్చింది. తల తడిసింది, కోటు వేసుకోలేదు, చంకలో బిస్కెట్ల రేకు డబ్బా. వాళ్లమ్మ కాగితాలున్న డబ్బా. "అడుగున ఉన్నాయి," అని మూడు ఫోటోలు బల్ల మీద వరసగా పెట్టింది.

మేమందరం వంగాం.

మొదటి ఫోటోలో రాతి గోడ, దాని మీద నిలువు కర్రలు, కర్రల మధ్య ఉన్ని. పక్కన మోకాళ్ల మీద ఒక మనిషి, జుట్టు నిండా ఉన్ని, చేతిలో కొలత టేపు ఉన్నిలోకి గుచ్చి పట్టుకుని ఉంది. నాలుగు అంగుళాల గీత స్పష్టంగా కనబడుతోంది. ఆ మనిషి ఎలునెద్. రెండో ఫోటోలో సగం గోడ మూసి ఉంది, తనకన్నా పొడుగున్న పలకని భుజంతో ఆపి పట్టుకుని మేకు కొడుతోంది. అదీ ఎలునెద్. మూడోదాంట్లో సున్నం పూస్తోంది. మూడింటికీ మూలన తారీఖులున్నాయి. మే పన్నెండు, పదమూడు, పద్నాలుగు.

"ఇవి ఎవరు తీశారు?" కారిస్ గారు అడిగారు.

"ఎవరూ లేరు. పిండి డబ్బా మీద కెమెరా పెట్టి, టైమర్ నొక్కి, పరిగెత్తి పట్టుకునేదాన్ని. అందుకే కొంచెం వంకరగా ఉన్నాయి. నేను ఉన్ని మిల్లులో ఇరవై ఏళ్లు చేశానమ్మా. మూట మూతి కుట్టేముందు చీటీ రాసి పెట్టాలి. కుట్టేశాక లోపలేముందో కుట్టినవాళ్లు చెప్పినా ఎవరూ వినరు."

"సరిగ్గా ఇలాంటివే కావాలి. ఇవి ఉంటే డి గ్రేడు వస్తుంది," అన్నారు కారిస్ గారు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశారు. "ఇది ఆ ఇల్లేనని మాత్రం రుజువు కావాలి. గోడలన్నీ ఒకలాగే ఉంటాయి కదా. ఈ కిటికీ లోంచి ఏదో కనబడుతోంది..."

గోడ పక్కన కిటికీ. కిటికీ అవతల వీధి. వీధికి అవతల మెన్న టీకొట్టు, దాని ముందు బెంచీ. బెంచీ మీద ముగ్గురు మనుషులు, చిన్నగా.

గ్విలిమ్ ఫోటోని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది నా కాలు!" అన్నాడు. "ఈ కట్టు నాదే. బెంచీ మీద చాపి పెట్టాను చూడండి. అయితే నా పక్కన ఇలా చేతులు చాపి..." అని ఆగి, రెండో ఫోటో తీసుకున్నాడు. మూడోది తీసుకున్నాడు. "ఒరే ఇద్వాల్! మొదటి రోజు చేతులు ఇంత చాపావు. రెండో రోజు ఇంత. మూడో రోజు చేతులు ఫోటోలో పట్టలేదు. అది ఏ కథ రా?"

ఇద్వాల్ మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్లలో నేను విన్న మొదటి నిశ్శబ్దం అది.

ఇద్వాల్‌ని అని లాభం లేదు. మూడో మనిషిని నేను. నా చేతిలో కప్పు ఉంది, మొహం పక్కకి తిరిగి ఉన్నా నవ్వుతున్నట్టు తెలుస్తోంది. పది గజాల దూరంలో ఒక ఆడమనిషి తన కన్నా పొడుగున్న పలకని భుజం మీద మోస్తోంది. నేను ఒక్కసారి తల తిప్పి ఉంటే కనబడేది. తిప్పలేదు. ఆ మూడు రోజులు ఏ కథ విన్నానో నాకు గుర్తు కూడా లేదు.

"ఈ బెంచీ ఈ కొట్టుదేనని, మీరు ఫలానా వాళ్లని చెబితే సరిపోతుంది," అన్నారు కారిస్ గారు. "అప్పుడు ఆ కిటికీ ఏ ఇంటిదో తేలిపోతుంది. ఇందులో మొహం తేటగా కనబడేది ఒక్కరిదే." మూడో ఫోటో ఇద్వాల్ ముందుకి జరిపారు. "ఇది మీరేనా?"

కాదంటే ఆయన మూడు రోజులూ గడప దాటని మనిషిగా మిగులుతాడు. కాదంటే ఆ కిటికీ ఏ ఊరిదైనా కావచ్చు. ఇద్వాల్ ఫోటో వైపు చూశాడు. తర్వాత గ్విలిమ్ కాలికున్న కట్టు వైపు చూశాడు. ఎలునెద్ వైపు చూడలేకపోయాడు.

"నేనే," అన్నాడు, గొంతులోనే.

"పైకి చెప్పు," అంది ఎలునెద్. కోపంగా కాదు. తడి జుట్టు తుడుచుకుంటూ అంది. "ఆవిడ రాసుకోవాలి."

ఇద్వాల్ లేచి నిలబడ్డాడు. చాపెల్‌లో నిలబడినట్టు చేతులు పక్కన ఆనించుకుని నిలబడ్డాడు.

"ఆ బెంచీ మీద కూర్చుని కబుర్లు చెబుతున్నది నేనే. మూడు రోజులూ నేనే. లోపల పని చేసింది మా ఎలునెద్."

కారిస్ గారు కంప్యూటర్ మూత తెరిచి రాసుకున్నారు. ఆ పొద్దంతా ఆయన చెప్పినదాంట్లో ఆవిడ రాసుకున్నది అదొక్కటే.